ఆ రోజు నేను ఇంట్లో లేను

స్క్రిప్టు అమ్మకు చదివి వినిపించాలన్నది నా ఆలోచన కాదు. చెల్లి పట్టుబట్టింది. "అమ్మ కథ అమ్మకు చెప్పకుండనే సినిమా తీస్తవా?" అని ఫోన్లో గట్టిగా అడిగేసరికి, ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి కాజీపేటకు వెళ్లి అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

పద్నాలుగో సీను నాకు ప్రాణం. నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయే సీను. అరుపులు, గోడకు తగిలి కింద పడే స్టీలు గ్లాసు, తలుపు పట్టుకుని చూస్తూ నిలబడ్డ పదో తరగతి కుర్రాడు. గొంతు మార్చి మార్చి చదివాను. చివరికొచ్చేసరికి నాకే కళ్లు తడిశాయి. అమ్మ మాత్రం ఈనెలు తీయడం ఆపలేదు.

"గ్లాసు ఎవరు కొట్టిన్రు?"

"డాడీ."

"గా రోజు నువ్వు ఇంట్ల లేవు కదరా."

వాదించాను. గ్లాసు సొట్టపోయిన చోటుతో సహా నాకు గుర్తుందన్నాను. అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ట్యూషన్‌కని పోయినవ్. ఏడున్నర దాటినంక వచ్చినవ్. ఆయన ఆరింటికే పోయిండు. అన్నం తిన్నడు, బాక్సు పట్టుకున్నడు, పోయొస్త అన్నడు. నేనేమనలే." అంతే. గ్లాసు లేదు, అరుపులు లేవు. పదిహేడేళ్లుగా నా బుర్రలో ఆడుతున్న సినిమాలో నిజమైన ముక్క లైన్ బాక్సు ఒక్కటే.

మా నాన్న లోకో పైలట్. ఆ పేరు తర్వాత వచ్చింది, కాలనీలో అందరూ డ్రైవర్ అనే అనేవాళ్లు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు లైన్ బాక్సంటే వేరే చెప్పక్కర్లేదు. జెండాలు, టార్చి, రూల్స్ పుస్తకం, ఓ జత బట్టలు పట్టే ఇనప పెట్టె. అది గుమ్మం పక్కన ఉంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే డ్యూటీలో ఉన్నట్టు. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. పొద్దున లేచి చూస్తే పెట్టె ఉండేది కాదు. కాబట్టి నాన్న వెళ్లిపోవడం మా ఇంట్లో కొత్త విషయం కాదు. తిరిగి రాకపోవడమే కొత్త.

హైదరాబాద్‌లో నేను పదేళ్లు టీవీ సీరియళ్లకు అసోసియేట్‌గా పనిచేశాను. ఎన్ని గ్లాసులు గోడకు కొట్టించానో లెక్క లేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఆ గ్లాసు మా నాన్నది కాదు, నా ఉద్యోగానిది.

అమ్మ బీరువాలోంచి కోర్టు ఫైలు తీసి ఇచ్చింది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద, ఇద్దరి అంగీకారంతో విడాకుల పిటిషన్. అలా వేయాలంటే అప్పటికి కనీసం ఏడాదిగా వేరుగా ఉంటున్నట్టు చూపాలి, వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. (ఆ ఆరు నెలల గడువును కోర్టు తప్పించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2017లో. మాకు ఆ వెసులుబాటు లేదు.) ఎప్పటినుంచి వేరుగా ఉంటున్నారో పిటిషన్‌లో రాసి ఉంది: 14 సెప్టెంబర్ 2006.

ఆ తేదీ నేను అంతకుముందు చూశాను. ఎక్కడ చూశానో గుర్తుకు రావడానికి రెండు రోజులు పట్టింది.

నా పాత జామెట్రీ బాక్సులో ఒక ప్లాట్‌ఫారం టికెట్ ఉంది. మూడు రూపాయలది, కాజీపేట జంక్షన్. తారీకు గుద్ది ఉంది. అది కొన్నది నేను కాదు. రైల్వేవాళ్ల పిల్లలు ప్లాట్‌ఫారం టికెట్ కొంటారా ఎక్కడైనా! కొన్నది ఆ అమ్మాయి. ట్యూషన్‌లో నా ముందు బెంచీలో కూర్చునేది. వాళ్ల నాన్నకు బట్టల కొట్టు. మాకు రైల్వే అంటే ఇల్లు, తనకు రూలు. టికెట్ లేకుండా లోపలికి రానంది. ఇద్దరికీ రెండు కొని, నాది నా చేతిలో పెట్టింది. ట్యూషన్ ఎగ్గొట్టి, బల్లార్షా వైపు ప్లాట్‌ఫారం చివర, ఎవరూ రాని బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం. నాన్న తోటి డ్రైవర్లు ఎవరైనా చూస్తారేమోనని నా తలంతా అటే. తను మాత్రం తీరిగ్గా పల్లీలు వలుచుకుంటూ ఏదో చెబుతూనే ఉంది. లేచేటప్పుడు మిగిలిన పల్లీలన్నీ నా జేబులో పోసింది. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ ఇంటికి నడిచానో ఎగిరానో నాకే తెలియదు.

అంటే మా ఇల్లు విరిగిన సాయంత్రమూ, నా పదిహేనేళ్ల బతుకులో అన్నిటికంటే సంతోషంగా ఉన్న సాయంత్రమూ ఒకటే. ఆ రెంటినీ ఒకే రోజులో పెట్టుకోలేక కాబోలు, నన్ను నేను తీసుకెళ్లి గుమ్మం దగ్గర నిలబెట్టుకున్నాను. బల్లార్షాకు మార్పించుకుని వెళ్లిన నాన్న ఆ సాయంత్రం రైలెక్కింది కూడా అదే స్టేషన్‌లో అయి ఉండాలి. అది ఎవరినీ అడగలేదు.

స్క్రిప్టు మళ్లీ మొదటినుంచి రాశాను. పాత స్క్రిప్టులో ప్రేమ కథ ఒక పక్క, ఇంటి కథ ఒక పక్క. ఇంట్లో బాధ ఎక్కువైతే కుర్రాడు అమ్మాయి దగ్గరికి వెళ్తాడు, ఆమె ఓదారుస్తుంది. ఇలాంటివి మనం చాలా చూశాం. కొత్త దాంట్లో ఓదార్పు లేదు. జేబు నిండా పల్లీలతో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చిన కుర్రాడికి గుమ్మం పక్కన పెట్టె ఉండదు, డ్యూటీ అనుకుంటాడు. మూడు రోజులు అలాగే అనుకుంటాడు. ఆ మూడు రోజులూ వాడు ప్రేమలో ఉన్నాడు కాబట్టి అమ్మ ముఖం చూడడు. సినిమా మొత్తం ఆ మూడు రోజులకు వాడు తనకు తాను వేసుకున్న శిక్షే. ఆ అమ్మాయితో మాట్లాడటం మానేస్తాడు, ఎందుకో చెప్పడు. నేనూ చెప్పలేదు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. నా దగ్గరున్నది, ఇద్దరు స్నేహితులు పెట్టింది, చెల్లి బంగారం మీద తెచ్చింది. అందరూ ఇచ్చిన సలహా ఒకటే: ఇరవై ఏళ్లు దాటినవాళ్లను పెట్టి స్కూలు యూనిఫాం వేయించు, పని సులువవుతుంది. నాకు నచ్చలేదు. గడ్డం గీసిన నునుపు తెర మీద తెలిసిపోతుంది. పదిహేనేళ్ల వయసుకు మీసం రాదు, మచ్చలా ఉంటుంది, అది కావాలి నాకు.

హనుమకొండలో అద్దెకు తీసుకున్న ఒక హాల్లో ఆడిషన్ పెట్టాం. ఎనభై మంది దాకా వచ్చారు. సగం మంది కెమెరా కనబడగానే రీల్స్‌లోలాగా తల పక్కకు వంచి నిలబడ్డారు. వాళ్ల తప్పు కాదు, కెమెరా అంటే వాళ్లు చూసింది అదే. డైలాగులు ఇవ్వలేదు. "మీ ఇంట్లోకి వస్తుంటే ముందు ఏం కనబడుతుంది, చెప్పు" అని మాత్రం అడిగాను.

ఒక అబ్బాయి దగ్గర మాత్రం ఆగాలి. గుమ్మం చెప్పాడు, చెప్పుల స్టాండు చెప్పాడు, "పై అర ఖాళీ ఉంటది సార్, డాడీ వేరే దగ్గరుంటరు" అన్నాడు. ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. నా వెనకాల కెమెరా పట్టుకున్న కుర్రాడు ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. అందరూ వీడే హీరో అన్నారు. రాత్రంతా ఆలోచించి వాణ్ని తీసుకోలేదు. ఇరవై రోజుల పాటు ఆ ఖాళీ అర ముందు వాణ్ని నిలబెట్టి, సరిగ్గా రాకపోతే "ఇంకోసారి" అనే హక్కు నాకెవరిచ్చారు? నా గాయాన్ని నేను తీసుకోవడానికే పదిహేడేళ్లు పట్టింది. మా టీంలో ఒకరిద్దరు నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు, సినిమాకు నష్టం చేశానన్నారు. చేసి ఉండవచ్చు కూడా. చివరికి తీసుకున్న అబ్బాయి ఇల్లు సందడిగా ఉంటుంది, అమ్మా నాన్నా బాబాయిలూ అందరూ ఒకే చోట. వాడికి నటించడం ఇష్టం. నటన అంటే అదే కదా.

చెల్లి పాత్ర వేసిన పాపకు పదకొండేళ్లు. పద్నాలుగు దాటని పిల్లలతో షూటింగ్ చేయాలంటే, షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. మాకు హనుమకొండ కలెక్టర్ గారి దగ్గర. ఫారం-సి అనే హామీ పత్రం, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకు బాధ్యుడైన మనిషి పేరు ఇవ్వాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పాపకు ఇచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సీరియళ్ల రోజుల్లో ఇవన్నీ ప్రొడక్షన్ మేనేజర్ల తలనొప్పి అనుకునేవాణ్ని, ఎప్పుడూ చదవలేదు. చదివాక సిగ్గేసింది. హీరో హీరోయిన్లిద్దరూ పద్నాలుగు దాటినవాళ్లే అయినా, వాళ్లకూ అవే గంటలు పెట్టాం. ఐదు గంటల లెక్కలో రోజుకు రెండు సీన్ల కంటే కదలవు. సీన్లు తగ్గించాను. బాగుపడింది.

పదో తరగతి పరీక్షలు అయ్యాక, 2025 మే నెల ఎండల్లో షూటింగ్. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా పిల్లల్ని ఇంటికి పంపేవాళ్లం.

ప్లాట్‌ఫారం బెంచీ సీను ప్లాట్‌ఫారం మీదే తీయాలనుకున్నాను. దానికి రైల్వే అనుమతి, రోజుకింత అని ఫీజు, డిపాజిట్, ఇన్సూరెన్సు అన్నీ కలిపి లెక్క వేస్తే సినిమాలో ముప్పావు వంతు ఆ బెంచీ మీదే కూర్చునేట్టుంది. సరే, భద్రకాళి చెరువు గట్టు అనుకున్నాం. ఓరుగల్లులో ప్రేమించుకున్నవాళ్లెవరికైనా ఆ గట్టు తెలుసు. వెళ్లి చూస్తే చెరువులో నీళ్లు లేవు. పూడిక తీయడానికి అంతకుముందు నవంబర్‌లోనే ఖాళీ చేశారు. పత్రికల్లో చదివాను కూడా, బుర్రకెక్కలేదు. ఎండిన చెరువు పక్కన తొలిప్రేమ సీను తీస్తే ఎవరో ఒకరు ప్రతీక అంటారని భయమేసింది. చివరికి వడ్డేపల్లి చెరువు గట్టు మీద తీశాం. ప్లాట్‌ఫారం టికెట్‌ను మాత్రం వదల్లేదు. అమ్మాయి స్టేషన్ బయట నిలబడి రెండు టికెట్లు చూపిస్తుంది, లోపలికి వెళ్లకుండానే వెనక్కి తిరుగుతారు. ఎందుకు తిరిగారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

వాళ్లిద్దరి మధ్య ముట్టుకోవడాలు ఉండకూడదని ముందే రాసుకున్నాను. నటించేవాళ్లు పద్దెనిమిది నిండని పిల్లలు, చట్టం సంగతి సరే, మనకు ఇంగితం ఉండాలి కదా. పల్లీలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పడతాయి, చేతులు తగలవు. ఆ షాటుకు పదకొండు టేకులు. పల్లీలు కింద పడుతూనే ఉన్నాయి.

సౌండ్ దగ్గర గొడవ. లొకేషన్‌లోనే మాటలు రికార్డు చేయాలని పట్టుబట్టింది నేను, పట్టాల పక్కన ఇల్లు ఎంచుకుంది నేను. కాజీపేట మీదుగా ఢిల్లీ వైపు, సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు రైళ్లు. ఒక గూడ్సు వెళ్తే రెండు నిమిషాలు ఏమీ వినబడదు. సౌండ్ చూసే అతను హెడ్‌ఫోన్స్ తీసి కింద పెట్టి, "అన్నా, డబ్బింగ్ చెప్పిద్దాం" అన్నాడు. అప్పుడు మా ఇంటి యజమానురాలు, అంటే షూటింగ్‌కు ఇల్లిచ్చిన పెద్దమ్మ, వంటింట్లోంచి నాతో ఏదో చెబుతోంది. రైలొచ్చింది. ఆమె సగం మాట దగ్గర ఆగింది. గూడ్సు మొత్తం వెళ్లాక, మిగతా సగం మాట అక్కణ్నుంచే అందుకుంది. ఆమెకు తాను ఆగినట్టు కూడా తెలియదు.

నేను కూడా అలాగే మాట్లాడేవాణ్ని. రైల్వే కాలనీలో అందరం అలాగే మాట్లాడేవాళ్లం. హైదరాబాద్‌కు వెళ్లాక మర్చిపోయాను.

పద్నాలుగో సీను అప్పుడు దొరికింది. నాన్న అన్నం తింటున్నాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి, "ఒక్క మాట అడుగుత" అంటుంది. రైలొస్తుంది. ఇద్దరూ ఆగుతారు. గూడ్సు పోతూ ఉంటుంది, పోతూనే ఉంటుంది. అయిపోయాక నాన్న ఆమె వైపు చూస్తాడు. ఆమె ఆ మాట అందుకోదు. "పప్పు వేస్కో" అంటుంది. మా అమ్మ నిజంగా ఆ రోజు ఏదైనా అడగబోయిందా? తెలియదు. ఇది నేను కల్పించిందే. కానీ గ్లాసు కంటే నయం.

నాన్న పాత్ర గుమ్మంలో కూర్చుని సిగరెట్ కాల్చే సీను ఒకటి ఉండేది. తెర మీద సిగరెట్ కనబడినంతసేపూ కింద హెచ్చరిక వేయాలి. సినిమాలో మనిషి ఒంటరిగా ఉన్న ఒకే ఒక్క క్షణం, దాని కింద 'పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం' అని అక్షరాలు. తీసేశాను. దాని బదులు డ్యూటీ టార్చి పెట్టాను. ఎరుపు, పచ్చ, తెలుపు మూడు రంగులూ వేసే టార్చి. చీకట్లో కూర్చుని ఎర్ర లైటు, పచ్చ లైటు మార్చి మార్చి నొక్కుతుంటాడు. ఇది మాత్రం కల్పన కాదు, నాకు స్పష్టంగా గుర్తు. చూసినవాళ్లందరూ సినిమాలో బాగుందన్నది కూడా ఆ సీనే.

ఇంకో చోట ఒక వీధికుక్క తనంతట తాను ఫ్రేములోకి వచ్చి, కుర్రాడి పక్కన కూర్చుంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. జంతువు కనబడితే జంతు సంక్షేమ బోర్డు పత్రం సంగతి చూసుకోవాలి, బోర్డు హర్యానాలో. కుక్కను కత్తిరించాం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సెన్సార్‌కు ఇప్పుడు అంతా ఇ-సినీప్రమాణ్ పోర్టల్‌లోనే దరఖాస్తు. మాది 98 నిమిషాలు. 72 నిమిషాల గీత దాటింది కాబట్టి షార్ట్ ఫిల్మ్ కిందికి రాదు. ఇదివరకు యు/ఎ అని ఒకటే ఉండేది, ఇప్పుడు దాన్ని 7+, 13+, 16+ అని మూడు చేశారు. 16+ వస్తే హీరో వేసిన పిల్లాడి వయసువాళ్లే తమ కథ చూడటానికి ఇంట్లో పర్మిషన్ అడగాలి కదా అని టెన్షన్ పడ్డాను. యు/ఎ 13+ వచ్చింది.

అమ్మ హనుమకొండలో వేసిన షోకు వచ్చింది. పద్నాలుగో సీను అప్పుడు నేను తెర చూడలేదు, అమ్మనే చూశాను. ఆమె చీర కొంగు సర్దుకుంది, అంతే. బయటికొచ్చాక, "ఆ పిల్ల మంచిగ చేసింది. ఇప్పుడు యాడున్నదో" అంది. నేను నటి గురించి అనుకుని ఏదో చెప్పబోయాను. అమ్మ అడిగింది బట్టల కొట్టు వాళ్ల అమ్మాయి గురించి. అంటే అమ్మకు అప్పటినుంచీ తెలుసు.

నాన్న రిటైరై బల్లార్షాలోనే ఉంటున్నాడు. రమ్మంటే రాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే వెళ్లాను. మంచం మీద పక్కపక్కన కూర్చుని చూశాం. సినిమా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, మధ్యలో ఒకసారి మాత్రం మంచినీళ్లు తాగాడు. అయిపోయాక చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ స్టేషన్ సంగతి ఇప్పుడు అడగొచ్చు అనుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు:

"గా టార్చి నేనెన్నడు అట్ల నొక్కలేదురా. డ్యూటీ టార్చి ఊకె ఎవరు నొక్కుతరు? నొక్కేటోనివి నువ్వు. నీకు సెల్లు కొని కొని సచ్చేటోన్ని."